పొద్దుటి కాఫీ మీరెలా కలుపుకుంటారు? గోదావరి జిల్లాల వాళ్ళందరూ చెప్పండి

వశిష్ఠగట్టు (నరసాపురం)

అందరికీ నమస్కారం. మన దగ్గర పులసల గురించి, పూతరేకుల గురించి పేజీలకు పేజీలు రాసుకున్నాం గానీ కాఫీ గురించి ఇంతవరకూ ఎవరూ మొదలుపెట్టలేదు. వీధికి నాలుగు టీ కొట్లు వచ్చినా మన ఇళ్ళల్లో చాలామందికి తెల్లారేది కాఫీతోనే కదండీ. ఏ పొడి వాడతారు, అందులో కలిపే చికోరి ఎంత, డికాషన్ ఎలా తీస్తారు, పాలు ఏవి, పంచదారా బెల్లమా, రోజులో ఏ వేళ తాగేది మీకు ఇష్టం, అన్నీ రాయండి. మా కాఫీ బాగుంటుంది అని ఊరుకోకుండా చేసే పద్ధతి చెబితే పదిమందికి పనికొస్తుంది.

మా ఇంట్లో పీబెర్రీ, ప్లాంటేషన్ ఏ అనే రెండు రకాల గింజల పొడి సగం సగం, నూటికి ఇరవై పాళ్ళు చికోరి. రాత్రి గిన్నెలు సర్దుకున్నాక ఫిల్టరు వేసేస్తాం. తెల్లారేసరికి డికాషన్ సిద్ధంగా ఉంటుంది. పాలు పొంగు రాగానే దించి, గ్లాసులో ముందు పంచదార, దాని మీద డికాషన్, ఆ తర్వాత పాలు. రెండుసార్లు పైనుంచి తిరగపోస్తే పంచదార కరిగిపోతుంది, చెంచా అక్కర్లేదు. గ్లాసు నిండా కాదు, ముప్పాతిక వరకే. కాఫీ కొంచెంగా, చిక్కగా, పొగలు కక్కుతూ ఉండాలి. పెద్ద కప్పుతో తాగితే సగానికొచ్చేసరికి చల్లారిపోతుంది, చివరి గుక్కల్లో రుచి ఉండదు.

కొబ్బరాకు (అమలాపురం)

మంచి చర్చ మొదలుపెట్టారు అన్నయ్యగారూ. పొడి సంగతి తర్వాత, ముందు ఫిల్టరు సరిగ్గా వేయడం చెబుతాను. ఎంత ఖరీదైన పొడి కొన్నా అక్కడ తేడా వస్తే అంతా పోయినట్టే.

ఫిల్టరులో అడుగున చిల్లులుండే పై గిన్నె తడి లేకుండా తుడవాలి. తడి ఉంటే పొడి అడుగున ముద్దకట్టి చిల్లులు పూడిపోతాయి. ఇద్దరికైతే నాలుగు చెంచాల పొడి నిండుగా వేసి, గిన్నెను అరచేత్తో పక్కనుంచి రెండుసార్లు తట్టాలి. పొడి దానంతటదే సమంగా సర్దుకుంటుంది. దాని మీద గొడుగు బిళ్ళ పెట్టి ఊరికే ఆనించాలి, బలంగా నొక్కకూడదు. నొక్కితే నీళ్ళు దిగవు. అసలు ఆనించకపోతే జర్రున దిగిపోయి డికాషన్ పలచగా వస్తుంది. నీళ్ళు తెర్లగానే పోసేయకుండా, పొయ్యి కట్టేసి, బుడగలు అణిగాక పోయాలి. మొదట పొడి తడిసేంత మాత్రం పోసి అరనిమిషం ఆగితే పొడి ఉబ్బి పైకి లేస్తుంది. అప్పుడు మిగతా నీళ్ళు గుండ్రంగా తిప్పుతూ పోసి మూత పెట్టండి. పదిహేను, ఇరవై నిమిషాల్లో చుక్క చుక్కగా దిగాలి. అయిదు నిమిషాల్లో దిగిపోతే పొడి మరీ బరకగా ఉన్నట్టు. గంటైనా దిగకపోతే మరీ మెత్తగా ఆడించినట్టు.

చిల్లులు పూడిపోయిన ఫిల్టరు చాలామంది పారేస్తుంటారు. పారేయకండి. స్టీలుదైతే పై గిన్నెను పటకారుతో పట్టుకుని అడుగుభాగం సన్నటి మంట మీద కాసేపు చూపిస్తే లోపల ఇరుక్కున్న పొడి కాలి రాలిపోతుంది. తర్వాత వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే చిల్లులన్నీ కనిపిస్తాయి.

డికాషన్ వాసన (రాజమండ్రి)

కొబ్బరాకు గారు చెప్పిన ప్రతి మాటా నిజం. వశిష్ఠగట్టు గారితో మాత్రం ఒక్కచోట విభేదిస్తాను. రాత్రి తీసిన డికాషన్ పొద్దున వాడితే రంగు ఉంటుంది, చిక్కదనం ఉంటుంది, వాసన ఉండదండి. కాఫీలో మనకు హాయిగా తగిలే వాసనలన్నీ తేలిగ్గా ఆవిరైపోయేవే. ఏడెనిమిది గంటలు నిలవుంటే చేదు మాత్రమే మిగులుతుంది. అరగంట ముందు లేచి వేసుకోండి, తేడా మీకే తెలుస్తుంది.

అదే కారణంతో నేను గింజలు కొంటాను. వారానికి సరిపడా కొట్లో అప్పటికప్పుడు ఆడిస్తాను. ఆడించిన పొడి డబ్బా మూత తీసిన ప్రతిసారీ కొంత వాసన గాల్లో కలిసిపోతుంది. పైగా మన డెల్టాలో గాలిలో తేమ ఎక్కువ. శ్రావణం, భాద్రపదాల్లో చికోరి కలిసిన పొడి గడ్డకట్టడం అందరూ చూసే ఉంటారు. చికోరికి తేమ పీల్చుకునే గుణం ఎక్కువ. అందుకే పొడి వేరుగా, చికోరి వేరుగా తెచ్చుకుని ఫిల్టరు వేసేటప్పుడే కలుపుకుంటాను. ఫ్రిజ్‌లో పెడతామనే వాళ్ళకు ఒక మాట: చల్లటి డబ్బా బయటకు తీసి వెంటనే మూత తీస్తే లోపల చెమ్మ పడుతుంది. పెట్టకపోవడమే మేలు.

వశిష్ఠగట్టు (నరసాపురం)

మీరు చెప్పింది కాదనను. కానీ మా ఇంట్లో అయిదింటికల్లా నలుగురికి కాఫీ కావాలి. నాన్నగారు నాలుగున్నరకే లేచి కూర్చుంటారు. ఆ సమయంలో ఎవరు నిలబడి ఫిల్టరు వేస్తారండీ? ఆదివారం మాత్రం పొద్దున్నే తాజాగా తీసి చూస్తాను.

లంకరైతు (ఆత్రేయపురం వైపు)

మీరంతా పొడి గురించే మాట్లాడుతున్నారు. గ్లాసులో ముప్పాతిక ఉండేది పాలే కదండీ. వాటి సంగతి ఎవరూ ఎత్తలేదు.

మాకు గేదెలున్నాయి. పొద్దున పితికిన పాలలో నీళ్ళు కలపకుండా కాస్తే అవి కాఫీకి మరీ చిక్కన. గేదె పాలల్లో వెన్న ఆరు, ఏడు శాతం ఉంటుంది, ఆవుపాలల్లో నాలుగుకు అటూ ఇటూ. వెన్న ఎక్కువైతే నాలుక మీద పూతలా పరుచుకుని కాఫీ రుచి తెలియనివ్వదు. అందుకని మేము మూడొంతుల పాలకు ఒక వంతు నీళ్ళు కలిపి కాస్తాం. పాలవాడు కలిపితే తప్పు గానీ మనం కలుపుకుంటే తప్పేముంది. అలా కాచిన పాలల్లో పలచటి డికాషన్ పోస్తే కుడితిలా ఉంటుంది కాబట్టి డికాషన్ మాత్రం మొదటిదే, చిక్కగా ఉండాలి.

ఇంకోటి, కాచిన పాలు మళ్ళీ మళ్ళీ కాచకూడదు. రెండోసారి కాచేసరికి పాలకు ఒక మగ్గిన వాసన వస్తుంది, ఏ పొడీ దాన్ని కప్పలేదు. పొద్దున కాచిన పాలతో సాయంత్రం కాఫీ కలిపి, పొడి మంచిది కాదని కొట్టువాణ్ణి తిట్టేవాళ్ళున్నారు.

గేదె వట్టిపోయే రోజుల్లో పాలు కాస్త ఉప్పగా ఉంటాయి. మా ఇంట్లో ఆ పాలు పెరుగుకు తోడేస్తాం, కాఫీకి రెండో గేదె పాలు తీస్తాం. ఊడ్పుల రోజుల్లో పొలం గట్టు మీదకు ఫ్లాస్కులో తెప్పించుకునే కాఫీకి కూడా ఇదే లెక్క. బురదలోంచి పైకొచ్చి, కాళ్ళు బోదెలో కడుక్కుని, గట్టు మీద గొంతుక్కూర్చుని తాగే ఆ గ్లాసు నాకు పొద్దుటి కాఫీ కన్నా ఇష్టం.

పాలకొల్లు అమ్మాయి (ప్రస్తుతం కూకట్‌పల్లి)

లంకరైతు గారూ, మీ పోస్టు చదివితే ఇంటి మీద బెంగ వచ్చింది. ఇక్కడ ప్యాకెట్ పాలే గతి. ఒక్క ఉపాయం చెప్తాను, ప్యాకెట్ పాలతో తిప్పలు పడేవాళ్ళకి. టోన్డ్ పాలు కాకుండా వెన్న తీయని పాలు తీసుకుని, నీళ్ళు చుక్క కలపకుండా, వెడల్పాటి గిన్నెలో సన్నసెగ మీద గరిటె తిప్పుతూ పది నిమిషాలు మరగనివ్వండి. కాస్త ఇగురుతాయి, కమ్మదనం వస్తుంది. మీగడ కట్టనివ్వకూడదు.

కానీ పాలు ఎంత మరిగించినా మా అమ్మ చేతి కాఫీ రుచి ఇక్కడ రావట్లేదు. పొడి అక్కణ్ణుంచే తెచ్చుకుంటున్నాను. ఫిల్టరూ అక్కడిదే. నీళ్ళేనా కారణం?

కాలవనీరు (ముమ్మిడివరం)

నీళ్ళేనమ్మా. కాఫీలో పాలు, పంచదార పోను మిగతాదంతా నీళ్ళే. దాని గురించి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మన డెల్టాకు నీళ్ళు వచ్చేది ధవళేశ్వరం నుంచి. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ తాగేది, తడిపేది ఆ కాలువల నీళ్ళే. ఎండాకాలంలో పంట అయ్యాక కాలువలు కట్టేస్తారు. కట్టేసే ముందు ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకుంటాం. ఏప్రిల్, మే నెలల్లో తాగేది ఆ నిలవ నీళ్ళే. తర్వాత కాలువలు వదులుతారు, వరద రోజులొస్తాయి, నీళ్ళు ఎర్రగా వస్తాయి. మా అమ్మమ్మ ఇండుపగింజ బిందె లోపలి గోడకు అరగదీసేది. రాత్రికి మట్టి అడుక్కు చేరి పొద్దున్నకు పైనీరు తేటపడేది. ఆ తేరిన నీళ్ళే కాఫీకి తీసేవాళ్ళు, వంటకు అడుగువి. పటిక వేసిన నీళ్ళు కాఫీకి వాడనిచ్చేది కాదు, డికాషన్‌లో ఒకలాంటి వగరు వస్తుందని ఆవిడ మాట.

కాబట్టి ఇదే పొడి, ఇదే గేదె, అయినా ఏడాదిలో కాఫీ రుచి మూడు రకాలుగా మారేది. చెరువు నీళ్ళ రోజుల్లో డికాషన్ మందంగా, కాలువ కొత్తగా వదిలాక తేలిగ్గా ఉండేది. సముద్రం దగ్గర ఊళ్ళలో, కాట్రేనికోన వైపు, బోరు నీళ్ళు ఉప్పదనం. ఆ నీళ్ళతో డికాషన్ తీస్తే మొదటి గుక్కలోనే తెలిసిపోతుంది.

ఇప్పుడు అందరం ఇరవై లీటర్ల టిన్ను నీళ్ళకు వచ్చేశాం. ఆర్వో మిషను నీళ్ళల్లోంచి లవణాలు చాలావరకు తీసేస్తుంది. కాఫీ గింజలోంచి రుచి దిగాలంటే నీళ్ళల్లో కాస్త కాల్షియం, మెగ్నీషియం ఉండాలి. అసలు లేకపోతే డికాషన్ చప్పగా, పుల్లగా తోస్తుంది. మరీ ఎక్కువైతే రుచి మొద్దుబారుతుంది. కాఫీ రుచి చూసే నిపుణులు లీటరుకు 150 మిల్లీగ్రాముల దగ్గర లవణాలుంటే బాగుంటుందంటారు. చాలా ఆర్వో టిన్నుల్లో అంత ఉండదు. అమ్మాయీ, నువ్వు ఒకసారి సగం కుళాయి నీళ్ళు మరిగించి వడకట్టి, సగం టిన్ను నీళ్ళు కలిపి తీసి చూడు.

పాలకొల్లు అమ్మాయి (ప్రస్తుతం కూకట్‌పల్లి)

తప్పకుండా బాబాయ్‌గారూ. రేపే చేసి చూస్తాను.

రొయ్యలచెరువు (భీమవరం)

మీ అందరి ముందు చెప్పడానికి మొహమాటం ఏమీ లేదు, నాది ఇన్‌స్టంట్ కాఫీ. చెరువు మీద షెడ్డులో రాత్రిళ్ళు ఉండాలి. రొయ్యల చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. ఆ సమయంలో కరెంటు పోయి, నీళ్ళల్లో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే, జనరేటరు వేసేలోగా పంట పోతుంది. ఆ టెన్షన్‌లో ఫిల్టరు పట్టుకుని కూర్చోలేం. ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు, సీసాలో పొడి, పాలపొడి, పంచదార.

అయినా దానికీ ఒక పద్ధతి ఉంది. గ్లాసులో పొడి, పంచదార వేసి, చెంచాడు నీళ్ళు పోసి, రంగు తేలి నురగ వచ్చేదాకా గిలక్కొట్టాలి. తర్వాత వేడి నీళ్ళు. అలా చేస్తే గొంతులో గరగర ఉండదు. పాలపొడి చివర్న వేస్తే ఉండలు కడుతుంది, ముందే వేసి కలపండి.

ఇన్‌స్టంట్ అంటే చిన్నచూపు వద్దు. కాఫీ డికాషన్‌నే వేడిగాలిలోకి చిమ్మి ఆరబెడితే మెత్తటి పొడి, గడ్డకట్టించి నీరు లాగేస్తే గరుకు పలుకుల పొడి. రెండో దాంట్లో వాసన ఎక్కువ నిలుస్తుంది, ధరా ఎక్కువే. మన గుంటూరు జిల్లా దుగ్గిరాల ఫ్యాక్టరీ నుంచి చాలా దేశాలకు ఇన్‌స్టంట్ కాఫీ వెళ్తుంది. మనవాళ్ళు చేసింది ప్రపంచం తాగుతుంటే మనం తాగడానికేం.

డికాషన్ వాసన (రాజమండ్రి)

ఎవరి పనిని బట్టి వాళ్ళ కాఫీ. అందులో చిన్నచూపు ఏమీ లేదండి. ఒక్క సలహా, సీసా వెనక చిన్న అక్షరాలు చూడండి. ఇన్‌స్టంట్‌లోనూ చాలావాటిల్లో చికోరి ఉంటుంది. కాఫీ, చికోరి కలిపి అమ్మే పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని నిబంధన, శాతం ప్యాకెట్ మీద రాసి తీరాలి. కాఫీ 53, చికోరి 47 అని రాసినవి కూడా మార్కెట్లో కనిపిస్తాయి. సగం ధర చికోరికే కడుతున్నామన్నమాట.

తాటిబెల్లం (రావులపాలెం)

చికోరి అంటే అందరూ కల్తీ అన్నట్టు మాట్లాడతారు ఎందుకండీ? నాకైతే చికోరి లేని కాఫీ రుచించదు.

డికాషన్ వాసన (రాజమండ్రి)

కల్తీ అనలేదండి. చికోరి ఒక మొక్క వేరు. మన దేశంలో ఎక్కువగా గుజరాత్‌లో జామ్‌నగర్ వైపు, ఉత్తరప్రదేశ్‌లో ఏటా వైపు పండిస్తారు. వేరును ఎండబెట్టి వేయిస్తే అందులోని తీపి పదార్థం మాడి ఆ రంగు, ఆ మందం వస్తాయి. కెఫీన్ ఉండదు. పాలు ఎక్కువ పోసుకునే మన అలవాటుకు అది బాగా సరిపోతుంది, పాలల్లో కూడా డికాషన్ రంగు నిలబడుతుంది. ఇరవై పాళ్ళ వరకు నాకూ ఇష్టమే. నలభై దాటితే మాత్రం గింజ ఏదైనా ఒకటే రుచి. అప్పుడిక పీబెర్రీ కొని డబ్బులు పోసుకోవడం దేనికి?

పీబెర్రీ గురించి కూడా ఒక మాట. మామూలుగా కాఫీ పండులో రెండు గింజలు ఎదురెదురుగా చదునుగా ఉంటాయి. కొన్ని పండ్లలో ఒక్కటే గుండ్రంగా పెరుగుతుంది, అదే పీబెర్రీ. గుండ్రంగా ఉండటం వల్ల వేయించేటప్పుడు సమంగా దొర్లుతుంది. అంతేగానీ పీబెర్రీ అన్న ప్రతిదీ గొప్పది కాదు. కాఫీలో అరబికా, రోబస్టా అని రెండు జాతులు, అరబికా పీబెర్రీ వేరు, రోబస్టా పీబెర్రీ వేరు. కొనేటప్పుడు అడగండి.

ఏజెన్సీ దారి (రంపచోడవరం)

ఇన్ని పోస్టుల్లో మన కొండల కాఫీ గురించి ఎవరూ రాయలేదు, అందుకని నేను రాస్తాను. ఆంధ్రలో కాఫీ మొదలైందే మన గోదావరి ఏజెన్సీలో. 1898లో పాములేరు లోయలో బ్రిటిష్ వాళ్ళు మొదటిసారి నాటారు. మారేడుమిల్లి వెళ్ళేవాళ్ళు పాములేరు వాగు దగ్గర ఆగి ఫోటోలు దిగుతారు గానీ ఈ సంగతి చాలామందికి తెలీదు. తర్వాత అది పాడేరు, చింతపల్లి కొండలకు పాకింది. ఇవాళ అరకు కాఫీ అని మనం కొనేదాంట్లో ఎక్కువ భాగం పాడేరు చుట్టుపక్కల మండలాల గిరిజన రైతుల చిన్న చిన్న తోటల్లోదే. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కొట్టే తెరిచారు.

తోట ఎలా ఉంటుందంటే, పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడన నడుమెత్తు కాఫీ మొక్కలు. మార్చి, ఏప్రిల్‌లో ఒక వాన పడితే వారం, పది రోజుల్లో మొక్కంతా తెల్లగా పూస్తుంది, మల్లె వాసన. నవంబరు నుంచి పండ్లు కోస్తారు. ఒక్క కొమ్మకే పచ్చివి, దోరవి, ఎర్రవి కలిసి ఉంటాయి. ఎర్రవి మాత్రమే ఏరి కోయాలి, కాబట్టి ఒకే మొక్క దగ్గరికి మళ్ళీ మళ్ళీ రావాలి. తొందరపడి కొమ్మ మొత్తం దూస్తే పచ్చికాయలు కలిసి కాఫీ వగరెక్కుతుంది. కోసిన పండు తొక్క అదే రోజు తీసి, జిగురు పోయేలా కడిగి ఆరబెడితే పార్చ్‌మెంట్ అంటారు. ప్లాంటేషన్ ఏ అని మీరు కొనేది ఇలా కడిగిన అరబికాలో పెద్ద గింజ. పండును అలాగే ఎండబెడితే చెర్రీ అంటారు. కడిగినదానికి ధర ఎక్కువ. నీళ్ళ వసతి, మిషను ఉన్న రైతుకే అది కుదురుతుంది.

ఈ గింజను చిక్కటి పాలల్లో ముంచేయకండి. ఒక్కసారైనా పాలు లేకుండా తాగండి. చికోరి కలపని పొడి పది గ్రాములకు నూటయాభై, నూటఅరవై మిల్లీలీటర్ల నీళ్ళు. మన స్టీలు ఫిల్టర్లోనే చిక్కగా తీసి వేణ్ణీళ్ళతో పలచన చేసుకోవచ్చు. పంచదార వద్దు. కాస్త ఆరాక తాగితే చిన్న పులుపు, చివర్లో ఒక తీపి తెలుస్తాయి. మరీ నల్లగా మాడ్చి వేయించినదైతే అవేవీ మిగలవు, మధ్యస్తంగా వేయించినది అడగండి.

లంకరైతు (ఆత్రేయపురం వైపు)

మీరు చెప్పింది చదివాక కాఫీ పొడి వెనక ఇంత చాకిరీ ఉందని తెలిసిందండి. పంట పండించేవాణ్ణి కాబట్టి ఆ ఏరి కోసే కష్టం నాకర్థమవుతుంది. ఈసారి గిరిజన కార్పొరేషన్ కొట్లో ప్యాకెట్ తెచ్చుకుంటాను. పాలు లేకుండా అంటే మా ఇంట్లో కషాయం అంటారేమో, అయినా చూస్తాను.

తాటిబెల్లం (రావులపాలెం)

ఇక బెల్లం కాఫీ నేనే రాయాలి కదా. మా తాతయ్య తాటిబెల్లం కాఫీ తప్ప తాగేవారు కాదు. అందరూ అడిగే ప్రశ్న, పాలు విరగకుండా ఎలా అని. బెల్లం మరుగుతున్న పాలల్లో వేయకూడదు. తురిమిన బెల్లాన్ని వేడి డికాషన్‌లో కరిగించి వడకట్టాలి, ఇసుకా నలకా పోతాయి. పాలు దించి, బుడగ ఆగాక ఆ డికాషన్ పోసి వెంటనే తాగాలి. మళ్ళీ పొయ్యి మీద పెట్టారంటే విరుగుతుంది. కొత్త బెల్లంతో విరిగే అవకాశం తక్కువ, పులిసిన వాసన వచ్చే పాత బెల్లం వాడకండి. తాటిబెల్లం అయితే కొంచెం మాడు వాసన, కొంచెం ఉప్పదనం ఉంటాయి. చికోరి ఉన్న డికాషన్‌తో అవి బాగా కుదురుతాయి. చలికాలం సాయంత్రాలు ఇందులో చిటికెడు శొంఠి వేస్తాం.

పెళ్ళివంట (తణుకు)

వంటపని మా కుటుంబ వృత్తి. ఇళ్ళ కాఫీ అందరూ చెప్పారు, పెళ్ళి కాఫీ నేను చెప్తాను. మన వైపు మగపెళ్ళివారి మర్యాద విడిదిలో తెల్లవారుజామున అందే కాఫీతోనే మొదలవుతుంది. భోజనంలో ఒక కూర తగ్గినా సర్దుకుంటారు గానీ, అయిదింటికి కాఫీ రాలేదంటే ఆ మాట ఏళ్ళతరబడి ఉండిపోతుంది.

వంద గ్లాసులకు కిలో పొడి, పది లీటర్ల పాలు మా లెక్క. పెద్ద గుండిగ మూతికి పలచటి మల్లు గుడ్డ వదులుగా కట్టి, గుడ్డలో పొడి పోసి, వేణ్ణీళ్ళు గరిటెతో కొంచెం కొంచెంగా పోస్తాం. ఒకేసారి కుమ్మరిస్తే గుడ్డ అంచుల వెంట నీళ్ళు జారిపోయి డికాషన్ దిగదు. గుడ్డ కొత్తదైతే ముందు రెండుసార్లు వేణ్ణీళ్ళల్లో ఉడికించాలి, లేకపోతే గంజి వాసన వస్తుంది. సబ్బు పెట్టి ఉతకకూడదు. డికాషన్ పొయ్యి మీద పెట్టం, వేడినీళ్ళ గుండిగలో దించి ఉంచుతాం. పాలూ డికాషనూ ముందే కలిపి క్యాన్లో పోసేస్తే అరగంటకే రుచి మారిపోతుంది. నా చేతుల మీదుగా జరిగే పెళ్ళిళ్ళలో గ్లాసు గ్లాసుకూ అప్పుడే కలపాలని పట్టుబడతాను. మనిషి ఎక్కువ పట్టినా సరే.

ఈ మధ్య ఒక పెళ్ళికి అతిథిగా వెళ్తే మిషను పెట్టి బటన్ నొక్కితే వచ్చే కాఫీ పోశారు. పాలపొడి, పంచదార, కాఫీ అన్నీ ఒకే పొడి. పంచదార వద్దన్న పెద్దాయనకు వేరే దారి లేదు, నీళ్ళు తాగి ఊరుకున్నారు. చాలా బాధేసింది. లక్షలు పోసి పందిరి వేసినవాళ్ళు ఒక పొయ్యి, ఒక మనిషిని కాఫీకి కేటాయించలేరా?

కొబ్బరాకు (అమలాపురం)

నిజం చెప్పారు బాబాయ్‌గారూ. మధుమేహం ఉన్నవాళ్ళకు విడిగా కలిపి ఇవ్వడం కనీస మర్యాద. మా ఇంట్లో ఏ శుభకార్యమైనా పంచదార లేని గ్లాసులకు వేరే పళ్ళెం పెడతాం.

నైట్‌డ్యూటీ (కాకినాడ)

నేను నర్సుగా పనిచేస్తాను. అందరూ రుచి గురించి రాశారు, నేను వేళల గురించి రాస్తాను.

మన ఇళ్ళల్లో పెసరట్టు ఉప్మా తిన్నా, దిబ్బరొట్టె తిన్నా, అంబాజీపేట పొట్టిక్కలు తిన్నా, చెయ్యి కడుక్కోకముందే కాఫీ గ్లాసు రావాలి. నాకూ ఇష్టమే. కానీ కాఫీలోని పదార్థాలు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీ వద్దని చెప్పింది. రక్తహీనత ఉన్న ఆడవాళ్ళు, ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళు ఇది తప్పక పాటించండి. మాత్ర కాఫీతో మింగేవాళ్ళను రోజూ చూస్తుంటాను, మనసు చివుక్కుమంటుంది.

రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటొద్దని కూడా అందులో ఉంది. నూటయాభై మిల్లీలీటర్ల డికాషన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65 ఉంటుంది. గర్భిణులు ఇంకా తగ్గించాలి, డాక్టరును అడిగి తాగండి.

రొయ్యలచెరువు గారికి: తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. నేను రాత్రి డ్యూటీలో పన్నెండింటి లోపే తాగేస్తాను. మీరు నాలుగింటికి తాగి ఎనిమిదింటికి పడుకుంటే నిద్ర సరిగ్గా పట్టదు. తెల్లవారుజామున మెలకువ కోసం మొహం కడుక్కుని గట్టు మీద ఒక చుట్టు తిరగండి.

రొయ్యలచెరువు (భీమవరం)

ఆయ్, నిజమేనండి. పగలు పడుకున్నా నిద్ర పట్టక దొర్లుతూనే ఉంటున్నాను. దీని వల్లేనని ఎవరూ చెప్పలేదు. ఒంటిగంట తర్వాత తాగకుండా చూస్తాను. చాలా థాంక్స్ అక్కా.

వశిష్ఠగట్టు (నరసాపురం)

ఆదివారం పొద్దున తాజాగా డికాషన్ తీశాను. డికాషన్ వాసన గారూ, మీ మాటే నిజం. ఫిల్టరు మూత తీయగానే వాసన హాల్లోకి వచ్చేసింది. నాన్నగారు ఏం పొడి మార్చారని అడిగారు. రోజూ కుదరదు గానీ సెలవు రోజుల్లో ఇకనుంచీ ఇలాగే.

ఇంకో విషయం అడగాలి. అటక మీద నాయనమ్మ వాడిన ఇత్తడి ఫిల్టరు దొరికింది. లోపల అక్కడక్కడా ఆకుపచ్చగా చిలుము పట్టింది. తోమి వాడుకోవచ్చా?

కొబ్బరాకు (అమలాపురం)

తోమి అలాగే వాడకండి అన్నయ్యగారూ. కాఫీలో పులుపు ఉంటుంది, కళాయి పోయిన ఇత్తడిలో రాత్రంతా డికాషన్ నిలవుంటే కిలుమెక్కుతుంది. చింతపండుతో శుభ్రంగా తోమి, లోపల కళాయి పూయించండి. మీకు దగ్గర్లోనే పెరవలి పక్కన అజ్జరం ఉంది కదా, ఇత్తడి పనికి పేరున్న ఊరు, అక్కడ అడిగి చూడండి. కళాయి వేసేటప్పుడు చిల్లుల్లోకి తగరం దిగి పూడుకుపోకుండా చూడమని ముందే చెప్పండి. వేయించాక మొదటిసారి వాడిన పిప్పితోనే వేణ్ణీళ్ళు పోసి ఆ నీళ్ళు పారబోయండి. రెండో రోజు నుంచి వాడుకోవచ్చు. అంట్లు తోమే పీచుతో లోపల రుద్దొద్దు, కళాయి గీరుకుపోతుంది. మెత్తటి గుడ్డ చాలు. మంట మీద కూడా చూపించొద్దు, నేను పైన చెప్పింది స్టీలు ఫిల్టరుకే. తగరం తొందరగా కరిగిపోతుంది.

వశిష్ఠగట్టు (నరసాపురం)

అలాగేనమ్మా. ఈ శుక్రవారం తణుకు వెళ్ళే పని ఉంది, దారిలో అజ్జరంలో ఇచ్చి వస్తాను.